హెడర్ పైపు మీద రంగు: డబ్బా మీది అంకె చెప్పేది, చెప్పనిది

ఇంజన్ నుంచి మండిన వాయువులను బయటికి తీసుకుపోయే హెడర్ పైపుకు వేసే, వేడిని తట్టుకునే రంగు డబ్బాల మీద ఒక్కోసారి ‘2000 డిగ్రీలు’ అన్న అంకె పెద్దగా కనిపిస్తుంది. ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఆ లెక్కన పైపు కరిగి నేలపాలైనా దాని మీది రంగు మాత్రం చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ వింతకు జవాబు చిన్నదే: ఆ అంకె ఫారన్‌హీట్‌లో ఉంది. 2000 నుంచి 32 తీసివేసి, మిగిలిన 1968ని 5తో హెచ్చవేసి 9తో భాగిస్తే సుమారు 1093 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఇదే పద్ధతిలో అమెరికా డబ్బాల మీద ఉండే 1200 అంటే 649, ఇంజన్ ఎనామెల్ మీద ఉండే 500 అంటే 260. ఈ చివరి రకం ఇంజన్ బ్లాకుకు చక్కగా సరిపోతుంది గానీ, హెడర్ మీద పూస్తే మొదటి ప్రయాణంలోనే మాడుతుంది.

కొలమానం తేడా తేలినా అసలు చిక్కు తీరదు. 1093 డిగ్రీలు తట్టుకుంటుందని రాసిన ఖరీదైన రంగు, 600 కూడా దాటని పైపు మీద నెల తిరగకముందే పెచ్చులూడవచ్చు. 600 డిగ్రీల మామూలు సిల్వర్ పెయింట్ అదే రకం పైపు మీద ఏళ్ల తరబడి నిలవవచ్చు. రంగు నాసిరకమనో, పూసినవాడికి పని రాదనో తేల్చేసే ముందు, డబ్బా మీది అంకె అసలు ఏ ప్రశ్నకు జవాబో చూడవలసి ఉంటుంది.

ఏ పైపు, ఎంత వేడి

ఇంజన్‌లో పెట్రోలు మండగా మిగిలిన వాయువులు ఒక్కొక్క సిలిండర్ నుంచి బయటికి వచ్చి ఒకే గొట్టంలో కలవాలి. ఆ కలిపే భాగాన్ని పోత ఇనుముతో ఒకే ముక్కగా చేస్తే మానిఫోల్డ్ అంటారు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఉక్కు గొట్టాన్ని వంచి, చివర ఒకచోట చేర్చి వెల్డింగ్ చేస్తే హెడర్ అంటారు. మోటారు సైకిల్ మెకానిక్కులు బెండు పైపు అనేది ఈ పనిచేసే గొట్టాన్నే. మన వాడుకలో ఇంజన్ దగ్గరి నుంచి తోక గొట్టం దాకా అంతా ‘సైలెన్సరే’ కావడంతో ఒక పొరపాటు జరుగుతుంటుంది: వెనక సైలెన్సర్ మీద నిలిచిన రంగు ముందున్న బెండు మీద కూడా నిలుస్తుందనుకుంటారు. ఆ రెండు చోట్లకూ మధ్య వేడిలో తేడా కొన్ని వందల డిగ్రీలు.

పెట్రోలు ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు వెలువడే వాయువు సుమారు 400 డిగ్రీల దగ్గర ఉంటుంది. పూర్తి భారం పడినప్పుడు 800 నుంచి 900 డిగ్రీలకు చేరుతుంది. టర్బో ఉన్న పెట్రోలు ఇంజన్లలో అది 1000 దాకా పోవచ్చు. డీజిల్ ఇంజన్ తనకు అవసరమైన దానికంటే ఎక్కువ గాలి పీల్చుకుంటుంది కాబట్టి దాని వాయువు అంతకంటే చల్లగా ఉంటుంది. అయితే వాయువు వేడి వేరు, లోహం వేడి వేరు. గొట్టం తన వేడిని చుట్టూ ఉన్న గాలికీ, బానెట్ కింది వస్తువులకూ నిరంతరం వదులుతూ ఉంటుంది గనుక, దాని ఉపరితలం లోపలి వాయువు కంటే వంద నుంచి కొన్ని వందల డిగ్రీలు తక్కువగానే ఉంటుంది. పోర్టును, అంటే సిలిండర్ నుంచి వాయువు బయటికి వచ్చే రంధ్రాన్ని ఆనుకున్న మొదటి వంపు దగ్గర వేడి ఎక్కువ, గొట్టాలు కలిసే చోట తక్కువ. డబ్బా మీది అంకె రంగు పూసిన లోహం గురించి చెబుతుంది. వాయువు గురించి కాదు.

లోహం వేడిని పరికరం లేకుండా అంచనా కట్టడానికి ఒక గుర్తు ఉంది. ఘన పదార్థాలు సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకటిలో లీలగా ఎర్రబారడం మొదలుపెడతాయని 1847లో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త చూపాడు. రాత్రి వేళ ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన బండి బెండు మసక ఎరుపులో కనిపించిందంటే అది ఆ హద్దు దాటినట్టే. దాని మీద ఉన్నది 400 డిగ్రీల రంగైతే ఇక ఆశ వదులుకోవచ్చు.

ఇక్కడ ఒక పక్కమాట. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల కాలపు కార్లు చాలావాటిలో, వాయువులలోని విషాలను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఇంజన్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. కొన్ని ఇంజన్లలో మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి, విప్పి రంగు వేయడానికి విడి భాగమంటూ ఉండదు. కాబట్టి ఈ చర్చ ఎక్కువగా పాత కార్లకూ, మోటారు సైకిళ్లకూ, రేసు బండ్లకూ వర్తిస్తుంది. ఉన్న భాగానికి మళ్లీ రంగు వేయడం ఒకటి, దాన్ని తీసేసి బయట కొన్న హెడర్ బిగించడం మరొకటి. రెండవది మోటారు వాహనాల చట్టంలో, బండికి చేసే మార్పులను నియంత్రించే 52వ సెక్షన్ పరిధిలోకి వచ్చే మార్పు.

మామూలు రంగు ఎందుకు మాడుతుంది

ఏ రంగులోనైనా ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి. కంటికి కనిపించే రంగునిచ్చే పొడి ఒకటి. ఆ పొడిని పట్టి ఉంచి లోహానికి అతికించే జిగురు రెండవది. పూయడానికి వీలుగా పలచన చేసి తరువాత ఆవిరైపోయే ద్రావకం మూడవది. వేడి ముందుగా దెబ్బతీసేది జిగురును. తలుపులకూ గ్రిల్లులకూ వేసే ఎనామెల్‌లో ఈ జిగురు నూనెల నుంచి తయారైన రెజిన్. దాని వెన్నెముక కార్బన్ గొలుసు. 200 డిగ్రీలు దాటుతుంటే ఆ గొలుసు తెగుతుంది, పొగ వస్తుంది, మిగిలిన పొడిని పట్టుకునేది ఏదీ లేక రాలిపోతుంది.

వేడిని తట్టుకునే రంగులో జిగురు సిలికోన్ రెజిన్. సిలికాన్ అనే మూలకం వేరు, సిలికోన్ వేరు. మొదటిది ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉండే మూలకం. రెండవది ఆ సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా అల్లుకున్న గొలుసుకు పక్కన కార్బన్ గుంపులు తగిలించి మనిషి చేసిన పదార్థం. కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు చాలితే, సిలికాన్-ఆక్సిజన్ బంధానికి సుమారు 450 కావాలి. వెన్నెముక గట్టిది కాబట్టి అది వేడికి అంత తేలికగా తెగదు.

అసలు విశేషం దీని తరువాత జరుగుతుంది. పైపు 300, 400 డిగ్రీలు దాటుతున్న కొద్దీ సిలికోన్ గొలుసుకు తగిలించిన కార్బన్ గుంపులు కూడా మాడి పోతాయి. మిగిలిన సిలికాన్-ఆక్సిజన్ అల్లిక, రంగు పొడితోనూ కింది లోహపు ఆక్సైడ్‌తోనూ ముడిపడి, ఇసుకకూ గాజుకూ దగ్గరి చుట్టమైన ఒక గట్టి పొరగా మారుతుంది. అంటే ఈ రంగు వేడిని ఓర్చుకుని అలాగే ఉండిపోదు. వేడిలో తన రూపం మార్చుకుంటుంది. పూసిన నాడు పైపు మీద ఉన్నదీ, వంద కిలోమీటర్లు తిరిగాక ఉన్నదీ రసాయనికంగా ఒకే పదార్థం కాదు. కుమ్మరి ఆవంలో పెట్టక ముందు కుండ ఎంత పచ్చిదో, పూసి ఆరబెట్టిన ఈ రంగు కూడా అంత పచ్చిదే. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిస్తే ఊడివస్తుంది. ఇంకా పై వేడిని ఉద్దేశించిన రకాలలో గాజు పొడి, పింగాణీ వంటి పదార్థాలు కూడా కలుపుతారు. మిగతా జిగురు బలం తగ్గే వేళకు ఆ గాజు మెత్తబడి పొరను పట్టి ఉంచుతుంది.

పొడి విషయంలో ఎంపిక తక్కువ. ఎర్రటి, పచ్చటి మెరుపు రంగులిచ్చే కర్బన పదార్థాలు ఇంత వేడిలో బతకవు. మామూలు నల్ల ఐరన్ ఆక్సైడ్ కూడా వేడికి ఇంకా ఆక్సిజన్‌ను తీసుకుని ఎర్రగా మారుతుంది. అందుకే చవక నలుపు కొన్నాళ్లకు తుప్పులాంటి గోధుమ రంగుకు తిరిగితే అది నిజంగా తుప్పే అయి ఉండనక్కరలేదు. సిల్వర్ పెయింట్‌లో ఉండేవి అల్యూమినియం రేకుల పొడి. అవి పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకుని తేమ లోపలికి దిగకుండా అడ్డుపడతాయి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, ఈ రకం రంగుల అంకె సాధారణంగా 600 దగ్గర ఆగుతుంది. వేడిని తట్టుకునే అల్యూమినియం రంగులకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 13183 వాటిని 200, 400, 600 డిగ్రీల తరగతులుగా విడదీస్తుంది. ఇవి సెల్సియస్ అంకెలే.

మొదటి వేడిలో తేలే భవితవ్యం

పచ్చి పొర గట్టి పొరగా మారే ఈ ఘట్టాన్ని తయారీదారులు క్యూరింగ్ అంటారు. హెడర్ రంగులకు సాధారణంగా చెప్పే క్రమం మూడు మెట్లది: సుమారు 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లారనివ్వడం, 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లారనివ్వడం, 315 దగ్గర అరగంట. వింతగా కనిపించే ఈ అంకెలు ఫారన్‌హీట్‌లో 250, 400, 600కు దగ్గరి విలువలు. మెట్లు ఎందుకంటే, పొర పైభాగం ముందు గట్టిపడి కింద ఇంకా ద్రావకం మిగిలి ఉంటే, అది ఒక్కసారిగా ఆవిరై పైపొరను బుడగలుగా లేపుతుంది. నూనె కాగక ముందే వేసిన పూరీ పొంగదు. ఇక్కడ కావలసింది సరిగ్గా అదే, పొంగకుండా నిదానంగా ఆవిరి పోవడం.

హెడర్‌ను ఓవెన్‌లో పెట్టే అవకాశం ఎందరికి ఉంటుంది? చాలామంది దాన్ని బండికి బిగించి, ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపడం ద్వారా ఈ మెట్లను అనుకరిస్తారు. ఈ పద్ధతి పనికిరాదని ఒక వర్గం, పైపు ఎలాగూ అక్కడే కాగాలి గనుక ఇదే సహజమని మరో వర్గం వాదిస్తాయి. రెండు వాదనలలోనూ కొంత నిజముంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంజన్ ఖాళీగా తిరుగుతూ పది నిమిషాలు గడిచేసరికి పోర్టు దగ్గరి వంపు 300 డిగ్రీలకు చేరిందనీ, గొట్టాలు కలిసే చోటు 150 దగ్గర ఉందనీ అనుకుంటే, ఒకే పైపు మీద ఒక కొస రెండు మెట్లు దాటి మూడవ మెట్టు చేరువకు వెళ్లింది, రెండవ కొస మొదటి మెట్టు మీదే ఉంది. ముందు కొసలో బుడగలు లేచే ప్రమాదం, వెనక కొసలో పచ్చిదనం మిగిలే ప్రమాదం. తరువాత ఎప్పుడో పూర్తి భారం మీద నడిచినప్పుడు వెనక కొస కూడా పక్వానికి రావచ్చు. ఆ లోగా ఆయిల్ గానీ పెట్రోలు గానీ పడకపోతే. అందువల్ల బండి మీద క్యూరింగ్ విఫలమవుతుందని కాదు, దాని ఫలితం పైపు పొడవునా ఒకేలా ఉండదని చెప్పడం సరైనది.

మొదటిసారి వేడెక్కినప్పుడు వచ్చే పొగను చూసి కంగారు పడేవారున్నారు. మిగిలిన ద్రావకం, మాడుతున్న కార్బన్ గుంపుల పొగ అది. పొగ రావడం లోపం కాదు గానీ అందులో ఫార్మాల్డిహైడ్ వంటి హానికర వాయువులు ఉంటాయి. వంటింటి ఓవెన్‌లో ఈ పని చేయకూడదని చెప్పడానికి కారణం అదే.

అంకె చెప్పనిది: అడుగున ఏముంది

తయారీదారు తన రంగును పరీక్షించేది సన్నని ఉక్కు పలక మీద. దాని మీద ఇసుక వంటి గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేస్తారు, కొలిచిన మందంలో రంగు వేస్తారు, కొలిమిలో మెట్లు మెట్లుగా కాలుస్తారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ2485 ఇటువంటి పరీక్షలకు సంబంధించినదే. ఆ పలక మీద సాధించిన అంకె అబద్ధం కాదు. కానీ మన పైపు ఆ పలక కాదు.

కొత్త ఉక్కు గొట్టం మీద తయారీలో ఏర్పడిన నీలి నలుపు ఆక్సైడ్ పెచ్చు ఉంటుంది. చూడటానికి గట్టిగా, నున్నగా ఉంటుంది గానీ, పదే పదే కాగి చల్లారుతుంటే ఉక్కు నుంచి విడిపోతుంది. పోతూ పోతూ తన మీది రంగును తీసుకుపోతుంది. పాత గొట్టం మీది తుప్పు కథ కూడా ఇంతే. పోత ఇనుములో సన్నని రంధ్రాలు ఉంటాయి. ఏళ్ల తరబడి వాటిలోకి ఇంకిన నూనె, పైపైన థిన్నర్‌తో తుడిస్తే కనిపించకపోయినా, వేడికి బయటికి ఊరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది మరో సమస్య: దాని ఉపరితలం నునుపు, పైగా క్రోమియం ఆక్సైడ్ పొర వల్ల రంగుకు పట్టు తక్కువ. అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు ప్రైమర్‌ది. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, దాని మీద ఎంత గొప్ప హెడర్ రంగు వేసినా, కింద ఉన్న ప్రైమర్ తన 200 డిగ్రీల దగ్గరే మాడుతుంది. పై పొర అంకె అప్పుడు కాగితం మీదే మిగులుతుంది.

దీనికి తోడు లోహం సాగుతుంది. మైల్డ్ స్టీలు వ్యాకోచ గుణకం గది ఉష్ణోగ్రత దగ్గర డిగ్రీకి సుమారు పది లక్షలలో 12 వంతులు. 304 రకం స్టెయిన్‌లెస్‌కు సుమారు 17. ఆరు వందల మిల్లీమీటర్ల గొట్టం 600 డిగ్రీల మేర వేడెక్కితే మొదటిది 600 × 600 × 0.000012, అంటే 4.3 మిల్లీమీటర్లు, రెండవది 6.1 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వేడితో పాటు గుణకం కూడా కొంత పెరుగుతుంది కాబట్టి ఇవి తక్కువ అంచనాలే. గాజుకు దగ్గరైన గట్టి పొర ప్రతి ప్రయాణంలోనూ ఈ సాగుడుకూ ముడుచుకోవడానికీ ఓర్చుకోవాలి. పొర సన్నగా ఉంటే లోహంతో పాటు కదులుతుంది, మందంగా ఉంటే పగులుతుంది. అల్యూమినియం సిలికోన్ రంగులను ఒక్కో పూతకు సుమారు 20, 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున, రెండు పూతలలో ముగించమనడం ఇందుకే; మొత్తం కలిపినా మనిషి తల వెంట్రుక కంటే సన్నం. ‘గట్టిగా నాలుగు కోటింగులు వేశాం, అయినా ఊడింది’ అన్న ఫిర్యాదులో ‘అయినా’ బదులు ‘అందుకే’ అని ఉండాలి.

రంగు వేస్తే బానెట్ కింద వేడి తగ్గుతుందా

తగ్గుతుందని ప్రకటనలు సూచిస్తాయి, తగ్గదని మెకానిక్కులు కొట్టిపారేస్తారు. వేడి రెండు దారులలో ఎలా కదులుతుందో విడదీసి చూస్తే ఇద్దరి మాటకూ హద్దులు తెలుస్తాయి.

మొదటిది, పొర గుండా వేడి ప్రసరణ. పొర మందం 50 మైక్రాన్లు, దాని ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.5 వాట్లు అనుకుందాం. 600 డిగ్రీల దగ్గర ఉన్న నల్లటి ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 30 కిలోవాట్ల వేడిని వెదజల్లుతుంది. అంత వేడి ఈ పొరను దాటుతున్నప్పుడు దాని రెండు వైపుల మధ్య ఏర్పడే తేడా 30,000ను 0.00005తో హెచ్చవేసి 0.5తో భాగిస్తే వచ్చే 3 డిగ్రీలు మాత్రమే. 600 డిగ్రీలలో 3 డిగ్రీలు! దుప్పటి కప్పినట్టు వేడిని ఆపే శక్తి ఈ రంగుకు లేదు.

రెండవది, ఉపరితలం నుంచి వికిరణం, అంటే వేడిని కిరణాలుగా వెదజల్లడం. ఇక్కడ రంగు కొంత తేడా చేస్తుంది. నల్ల రంగు, ఆ వేడి దగ్గర సాధ్యమైన గరిష్ఠ వికిరణంలో 90 శాతం దాకా విడుదల చేస్తే, అల్యూమినియం రంగు అందులో సగానికి తక్కువే విడుదల చేయవచ్చు. తుప్పు పట్టిన ఉక్కు ఉపరితలం నలుపుకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి తుప్పు రంగు హెడర్‌ను నల్లగా మారిస్తే బానెట్ కింద చెప్పుకోదగిన తేడా ఉండదు. వెండి రంగుకు మారిస్తే పక్కనున్న వైర్లకూ రబ్బరు గొట్టాలకూ చేరే వికిరణం నిజంగానే తగ్గుతుంది. అయితే బయటికి పోని వేడి పైపులోనే మిగిలి లోహాన్ని మరికొంత వేడెక్కిస్తుంది, ఆ మేరకు లాభంలో కోత పడుతుంది. వేడిని అడ్డుకోవడమే ముఖ్యమైతే కావలసింది రంగు కాదు, వేరే కోవకు చెందిన పూత.

రంగు, సిరామిక్ పూత, చుట్టే పట్టీ

ఆ వేరే కోవలో మొదటిది సిరామిక్ పూత. దీన్ని పైపు లోపలా బయటా వేసి, కార్ఖానా ఓవెన్‌లో కాలుస్తారు. ఖర్చు రంగు డబ్బాకు ఎన్నో రెట్లు. దాన్ని సమర్థించేవారు అదుపులో ఉన్న శుభ్రతకూ, అదుపులో ఉన్న క్యూరింగ్‌కూ ఆ డబ్బు ఇస్తున్నామంటారు. పైన చూసిన కారణాలను బట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. ఇసుకతో కొట్టి శుభ్రం చేసి, సన్నగా వేసి, ఓవెన్‌లో కాల్చిన మామూలు హెడర్ రంగు కూడా షెడ్డు బయట కొట్టిన స్ప్రే కంటే ఎంతో మేలుగా నిలుస్తుంది కాబట్టి, తేడాలో ఎంత భాగం పూతది, ఎంత భాగం పనితనానిది అన్నది న్యాయంగా అడగదగిన ప్రశ్నే.

రెండవది గాజునార వంటి దారాలతో నేసిన పట్టీని పైపు చుట్టూ చుట్టడం. ఇది వేడిని నిజంగా ఆపుతుంది, రేసు బండ్లలో అందుకే వాడతారు. కానీ ఆపిన వేడి లోహంలోనే ఉండిపోతుంది. వర్షంలో తడిస్తే నీటిని పట్టి ఉంచుతుంది. మైల్డ్ స్టీలు పైపుకు ఈ రెండూ మంచివి కావు. పట్టీ కింద రంగు వేస్తే తుప్పు ఆగుతుందా అంటే, కొంత నిదానిస్తుంది. అప్పుడు రంగు తట్టుకోవలసిన వేడి మాత్రం పట్టీ లేనప్పటి కంటే ఎక్కువ, అంకెను ఎంచుకునేటప్పుడు ఆ సంగతి లెక్కలోకి రావాలి.

మూడవ వాదన, స్టెయిన్‌లెస్‌ను అలాగే వదిలేయమనేది. దాని మీద వచ్చే బంగారు, నీలి చారలు వేడికి మందమైన ఆక్సైడ్ పొర వెలుతురుతో చేసే ఇంద్రజాలం. వాటి వల్ల బలానికి లోటు లేదు. రంగు వేయడానికి అక్కడ ఉన్న కారణం చాలావరకు కంటికి ఇంపే.

ఏ రంగూ చేరలేని చోటు

వీటన్నిటి తరువాత కూడా ఎక్కువ హెడర్లు, సైలెన్సర్లు చిల్లులు పడేది లోపలి నుంచే. పెట్రోలును ఆక్టేన్‌గా భావించి లెక్క వేస్తే, 114 గ్రాములు మండినప్పుడు 162 గ్రాముల నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు కాబట్టి, లీటరుకు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పైపు గుండా పోతుంది. ఇంటి నుంచి కూరగాయల అంగడి దాకా వెళ్లి వచ్చే బండిలో పైపు పూర్తిగా వేడెక్కదు; ఆ ఆవిరిలో కొంత లోపలే చెమర్చి, వాయువులలోని ఆమ్లాలను కలుపుకుని ఉక్కును తింటుంది. ఇంధనంలో గంధకం బీఎస్-4 నాటి 50 పీపీఎం (పది లక్షలలో 50 వంతులు) నుంచి బీఎస్-6లో 10కి తగ్గడంతో ఆ ఆమ్లాల తీవ్రత కొంత తగ్గింది, నీరు మాత్రం తగ్గలేదు. రోజూ హైవే మీద గంటల తరబడి కాగే పైపు మీద బయటి రంగు త్వరగా వెలిసిపోవచ్చు, లోపల అది పొడిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు వీధి చివరి దాకా వెళ్లే కారు హెడర్ మీద రంగు కొత్తదానిలా మెరుస్తూనే, లోపలి గోడ పలచబడుతూ పోవచ్చు.